ఆఠీను ఏడు

ఒక్క పేకముక్క. ఊదితే ఎగిరిపోతుంది. దాన్ని నేను డెబ్భైల నుంచి మోస్తున్నాను, ఇంతవరకు దించలేకపోయాను. మోయడం అలవాటైపోయిందిలే అనుకుంటాను ఒక్కోసారి. అంతలో ఏ పెళ్లివారింట్లోనో చాప పరిచి ముక్కలు కలుపుతున్న చప్పుడు వినిపిస్తుంది. గుండె దడదడలాడుతుంది. ఏదో పని గుర్తొచ్చినట్టు అక్కడి నుంచి లేచి వచ్చేస్తాను.

మీరెవరో నాకు తెలియదు. అదే నాకు ధైర్యం. తెలిసినవాళ్ల దగ్గర చాలాసార్లు నోరు తెరిచాను. తెరిచి, కాఫీ బాగుందనో ఎండలు ముదిరాయనో చెప్పి మూసుకున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. "ఈయనకు కోపం రావడం నేనింతవరకు చూళ్లేదమ్మా, దేవుడులాంటి మనిషి" అని ఆవిడ చుట్టాల ముందు మెచ్చుకున్నప్పుడల్లా కంచంలోకి తల దించుకునేవాణ్ణి. కోపం రానివాళ్లంతా మంచివాళ్లేనా? నా సంగతి నాకు తెలుసు.

ఇంకో మాట కూడా ముందే ఒప్పుకుంటాను. ఇది చెబుదామని కూర్చుంటే సిగ్గుతో పాటు హుషారు కూడా పుట్టుకొస్తోంది. పేక మాట ఎత్తితే చాలు, ఒళ్లు తెలియదు నాకు. ఇంత తప్పు చేసినవాడికి ఆ ఆట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరించడం ఏమిటి? ఏమో. ఉన్నది ఉన్నట్టు చెబుతానని కూర్చున్నాను కాబట్టి ఇదీ చెప్పాను.

అప్పట్లో మాది గుడివాడ. ఉద్యోగం బెజవాడ వన్‌టౌన్‌లో, ఇనుప సామాన్ల హోల్‌సేల్ కొట్లో. పొద్దున్నే పాసింజరు ఎక్కడం, సాయంత్రం పాసింజర్లో తిరిగి రావడం. సీజన్ టికెట్ మీద తిరిగే మాబోటివాళ్లు రైలు నిండా ఉండేవాళ్లు. గుమాస్తాలు, పంతుళ్లు, పాలవాళ్లు, కూరగాయల బుట్టలవాళ్లు. మా పెట్టె మాత్రం పేకాట పెట్టె. ఎదురెదురు బెంచీల మీద మోకాళ్లు ఆనేలా కూర్చుని, అందరి మోకాళ్ల మీదుగా ఒక దుప్పటి తువ్వాలు బిగించి పరిచేవాళ్లం. అదే మా బల్ల. రైలు కదలడం, ముక్కలు పడడం ఒకేసారి. డబ్బులు పెట్టి ఆడేవాళ్లం కాదు. పెట్టెలో టికెట్ ఇన్‌స్పెక్టరు తిరుగుతుంటాడు, పైగా మాలో ఎవరి దగ్గర డబ్బు ఏడిచింది కనుక! కూర్చునే చోటు కోసం ఆడేవాళ్లం. ఓడినవాడు నిలబడాలి. అంతే. కానీ ఆ అంతే కోసం మేం పడ్డ ఆరాటం ఉందే, ఆస్తులు పెట్టి ఆడేవాళ్లు కూడా అంత పడి ఉండరు.

మా ఆటకు ఒక కట్టుబాటు ఉండేది. ఎవరన్నా ముక్కలన్నీ కుదిరి షో చేస్తే, చేసినవాడు ముక్కల్ని వరసలుగా తువ్వాలు మీద పరుస్తాడు. మిగతావాళ్లు వంగి చూడకూడదు. అందరికంటే ఎక్కువ నష్టపోయేవాడు ఎవడో వాడే చూడాలి. చూసి "బాగుంది" అనాలి. వాడి నోటితో ఆ మాట వస్తేనే గెలిచినట్టు. నష్టపోయేవాడికే ఆ పని ఎందుకు పెట్టారో నేను ఆ రైలెక్కిన కొత్తలో శాస్త్రిగారిని అడిగాను. ఆయన కోర్టులో గుమాస్తా, మా పెట్టెకు పెద్దదిక్కు. "ఓడినవాడు ఒప్పుకుంటే ఇంక అప్పీలు ఉండదు నాయనా" అన్నారాయన. నాకు ఆ కట్టుబాటు ఎంత నచ్చిందో! ఎంత మర్యాదగల మనుషులు అనుకున్నాను.

ఇక నా ఆట గురించి చెప్పాలి. గొప్ప చెప్పుకుంటున్నాననుకోకండి, నిజంగా బాగా ఆడేవాణ్ణి. ముక్కలు నాకు మరీ బాగా పడేవని కాదు. పడ్డది జోకరైనా చెత్తయినా నా మొహంలో తేడా కనపడేది కాదు. లోపల మాత్రం తిరునాళ్ల జరుగుతుండేది. కావలసిన ముక్క పైనుంచి వచ్చినప్పుడు కడుపులోంచి ఒక వేడి లేచి గొంతు దాకా వచ్చేది. దాన్ని అక్కడే ఆపి, చేతిలో ఉన్న ముక్కల్ని ఒకసారి నిదానంగా చూసుకుని, ఎవరు ఏం పారేశారో గుర్తు చేసుకుని అప్పుడు ముక్క దించేవాణ్ణి. ఆ వేడినీ ఆ నిదానాన్నీ ఒకేసారి అనుభవించడంలో ఉన్న మజా ఇంకెందులోనూ లేదు. ఒట్టు.

"ఐసుగడ్డ" అని నాకు పేరు పెట్టింది నాంచారయ్య గారే.

నాంచారయ్య గారు కైకలూరులో ఎక్కేవారు. కొల్లేటి చేపల వ్యాపారం. బుట్టల్లో ఐసు కొట్టి, చేపలు సర్ది, గార్డు పెట్టెలో వేయించి, ఆయన మా పెట్టెలోకి వచ్చేవారు. నాకంటే పదేళ్లు పెద్ద. నల్లగా, బలంగా ఉండేవారు. నవ్వితే పెట్టెంతా వినపడేది, కోపం వచ్చినా అంతే. పేకాటలో ఆయన మొహం చూస్తే చాలు, ముక్కలు చూడక్కర్లేదు. జోకరు పడితే కళ్లు మెరిసేవి. కావలసిన ముక్క పక్కవాడికి పోతే "ఓరి నీ దుంప తెగ" అని తొడ చరుచుకునేవారు. ఇంక మేం ఆ ముక్క దించుతామా? రోజూ ఆయనే నిలబడేవారు. నిలబడి కూడా నవ్వుతూ ఉండేవారు.

ఒకరోజు నిడమానూరు దాటాక నా పక్కకు వచ్చి కూర్చుని నెమ్మదిగా అడిగారు. ఆయన నెమ్మదిగా మాట్లాడడం అదే మొదటిసారి.

"అబ్బాయ్, నువ్వు అట్టా ఎట్టా కూకుంటావో నాకు నేర్పు."

"పేకాటకి ఇంత పట్టుదలేమిటండీ?" అన్నాను.

"పేకాటకి కాదయ్యా. చెరువు పాటకి."

అప్పుడు చెప్పారు. ఏటా ఎండాకాలం చివర వాళ్ల ఊరి చెరువులో చేపలు పట్టుకునే హక్కుకు వేలంపాట జరుగుతుంది. ఆ చెరువు నీళ్లు ఆయనకు కొట్టిన పిండి. ఎంతదాకా పాడితే గిట్టుతుందో, ఎక్కడ ఆగాలో ఇంట్లో కూర్చుని కచ్చితంగా లెక్క కట్టగలరు. కానీ పాట దగ్గరకు వెళ్లాక అవతలివాడు ఒక్క మాట ఎగతాళిగా అంటే చాలు, లెక్క గాలికి పోతుంది, పంతం నెత్తికెక్కుతుంది. అంతకుముందు ఒకసారి అలాగే గిట్టుబాటు కంటే చాలా ఎక్కువకు పాడేసి ఇంటిల్లిపాదినీ అగచాట్లు పెట్టారు. అప్పటి నుంచి వాళ్ల అన్న వీరాస్వామి గారు ఆయన్ని పాటకు రానివ్వడం లేదు. ఆ అన్నకు నీళ్ల సంగతి తెలియదు. వట్టి భయస్తుడు. పైకి పోదామన్నా పోడు, చెరువు ఊరికే జారిపోతుంది.

"ఈ ఏడు నన్ను పంపమన్నా. నీ బుర్ర నిలకడగా ఉంటదని ఎట్టా నమ్మేదిరా అంటన్నాడు. నమ్మించాల" అన్నారు.

నేర్పాను. ఎంత సంబరంగా నేర్పానో! గురువుననిపించుకోవడం ఎవరికి చేదు? ముక్కలు చేతికి రాగానే సర్దకండి, ఒక గుక్క గాలి పీల్చి అప్పుడు చూడండి అన్నాను. కోపం వస్తున్నట్టు తెలియగానే భుజాలు వదులు చెయ్యండి, భుజాలు వదిలితే కోపం నిలబడదు అన్నాను. పోయిన ముక్క పోయిందే, దాని వెంట మనసును పంపకండి అన్నాను. చెత్త పడితే సిగ్గుపడకుండా డ్రాప్ చేసి ఆ ఆట వదిలెయ్యండి అన్నాను. అన్నిటికంటే ముఖ్యంగా, తప్పు మీదని తేలితే కేకలు వెయ్యకుండా ఒప్పుకోండి, ఒప్పుకున్నవాడికి బుర్ర తేటపడుతుంది అని కూడా చెప్పాను. ఈ ఆఖరి మాటను కాస్త గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోలేకపోతున్నాను.

ఆయన నేర్చుకున్నారండీ! మొదట్లో గాలి పీల్చడం పెట్టెంతా వినపడేది, అందరం నవ్వేవాళ్లం. వానలు వెళ్లి చలి వచ్చేసరికి ఎవరూ నవ్వడం లేదు. చలి పోయేసరికి ఆయన నిలబడడం మానేశారు. ముక్క కుదిరితే కళ్లు మెరవడం లేదు, పోతే తొడ చరచడం లేదు. ఉప్పలూరు స్టేషన్లో ఒకసారి నేను షో కోసం ఒక్క ముక్క దూరంలో ఉండి లోపల ఎగిరి గంతులేస్తుంటే, ఆయన ప్రశాంతంగా షో చేసి నా వైపు చూశారు. నేనే చూసి "బాగుంది" అనాల్సి వచ్చింది. అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఏకు మేకైంది అనే మాట అంతవరకు సామెతగా విన్నాను, ఆ రోజు నా అరికాల్లో దిగింది.

అసూయ అని మీరు అంటారు. అవును. కానీ అసూయకు కూడా ఒక మొదలు ఉండాలి కదా, ఆ మొదలు ఇదే.

మా పెట్టెలో ఏటా వేసవిలో ఒక శనివారం పెద్దాట జరిగేది. రైలు గుడివాడలో కదిలింది మొదలు బెజవాడ చేరేదాకా ఒకటే ఆట. ఓడిన పాయింట్ల కౌంటు హద్దు మించినవాడు లేచిపోవాలి. చివరికి మిగిలినవాడిది మళ్లీ పెద్దాట దాకా కిటికీ సీటు. అంతకుముందు పెద్దాటలో ఆ సీటు నాది. ఆ ఏడు పెద్దాట సరిగ్గా చెరువు పాటకు ముందు వచ్చింది. నాంచారయ్య గారు వాళ్ల అన్నను వెంటబెట్టుకొచ్చారు. వీరాస్వామి గారు తెల్ల పంచె, భుజాన కండువా, నోట్లో చుట్ట లేకపోయినా చుట్ట కాలుస్తున్నట్టు దవడలు కదుపుతూ తమ్ముడి పక్కన కూర్చున్నారు. ఆయనకు ముక్కలు తెలియవు. ఆఠీనేదో ఇస్పేటేదో కూడా తెలియదు. ఆయన చూడవచ్చింది తమ్ముడి మొహాన్ని.

"ఇదిగో అన్నయ్యా, మా గురువు" అని నన్ను చూపించారు నాంచారయ్య గారు. తర్వాత, ఎంతో ప్రేమగా, చిలిపిగా, ఇంకో మాట కూడా అన్నారు. "అందరూ ఐసుగడ్డంటారు గాని అన్నయ్యా, నేను కనిపెట్టా. ముక్క కుదిరిందంటే ఈయన కిటికీలోంచి బయటికి చూస్తాడు. చేలు చూస్తన్నట్టు!"

పెట్టె అంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వుతుంటే చెవులు కాలిపోయాయి. ఎందుకంటే అది నిజం. నాకే తెలియని నిజం. ఇన్నాళ్లూ ఎవరూ చదవలేదనుకున్న మొహాన్ని చేపల బుట్టలు మోసే మనిషి చదివేశాడు. చూశారా, చేపల బుట్టలు మోసే మనిషి అని రాశాను. ఆ రోజు నా మనసు అన్న మాట అదే. మార్చి రాయను.

ఆట మొదలైంది. ఏం ఆటండీ అది! ఎండ అప్పుడే చురుక్కుమంటోంది, కిటికీల్లోంచి బొగ్గు నుసి పడుతోంది, ఎవరికీ పట్టలేదు. పక్క పెట్టెల వాళ్లు కూడా వచ్చి బెంచీల వెనక నిలబడ్డారు. ఇరిగేషన్ ఆఫీసు గుమాస్తా ఒకాయన మొదట లేచిపోయాడు. శాస్త్రిగారు ఉప్పలూరు దాకా నిలబడి ఒక్క దెబ్బకు పోయారు. రామవరప్పాడు వచ్చేసరికి నేనూ నాంచారయ్య గారూ మిగిలాం. ఇద్దరి కౌంటూ అంచున ఉంది. ఎవరు షో చేస్తే వాళ్లదే.

శాస్త్రిగారు ముక్కలు పంచి, జోకరు తిప్పారు. కళావరు ఏడు. అంటే ఆ ఆటకు ఏడులన్నీ జోకర్లు, ఏ ముక్క బదులైనా పనికొస్తాయి. నాకు డైమను ఏడు పడింది. జోకరు! గొంతు దాకా వేడి లేచింది. కిటికీ వైపు చూడకూడదని మెడ బిగబట్టుకు కూర్చున్నాను. అదే నా ఆట చెడగొట్టింది. బయటికి చూడకుండా ఉండడం మీదే ధ్యాస పెట్టి, ఆయన ఏ ముక్క ఎత్తుకున్నారో ఒకటి రెండుసార్లు గమనించలేదు. ఆయన మాత్రం గాలి పీల్చి వదులుతూ, భుజాలు వదులుగా, నేను నేర్పినట్టు, నేను నేర్పినదానికంటే అందంగా ఆడుతున్నారు. వీరాస్వామి గారి దవడలు కదలడం ఆగిపోయింది. తమ్ముణ్ణి కొత్తగా చూస్తున్నట్టు చూస్తున్నారు.

బెజవాడ యార్డు వచ్చింది. శాస్త్రిగారు పై బల్ల మీద గొడుగు అందుకోవడానికి లేచారు. జనం మూటలు సర్దుకుంటున్నారు.

"షో" అన్నారు నాంచారయ్య గారు.

గొంతు పెంచలేదు. ముక్క బోర్లించి, మిగతావి వరసలుగా పరిచారు. రమ్మీలో ఒక నియమం ఉంది, తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. జోకరు సాయం లేని వరస ఒకటైనా ఉండి తీరాలి. దాన్ని మేం రియల్ అనేవాళ్లం. అది లేకపోతే మిగతా ముక్కలు ఎంత బాగా కుదిరినా రాంగ్ షో, ఓడినట్టే. ఆయన రియల్ ఏమిటంటే ఆఠీను ఆరు, ఏడు, ఎనిమిది. ఏడు జోకరే అయినా, ఆఠీనుల మధ్య ఆఠీను ఏడు తన చోట తాను ఉంటే అది రియలే. మచ్చలేని షో. చూడగానే తెలిసిపోయింది నాకు. నోటి దాకా వచ్చింది, "బాగుంది" అన్న మాట. నిజంగా వచ్చింది.

అప్పుడే రైలు పట్టాలు మారింది. పెట్టె ఒక్కసారి పక్కకు ఊగింది. మోకాళ్లు కదిలి తువ్వాలు వాలింది, ముక్కలు నా ఒళ్లోకి జారాయి. పడిపోకుండా రెండు చేతులూ అడ్డం పెట్టాను. ఎడమ చేతిలో నా ముక్కలు ఉన్నాయి. వాటి చివర డైమను ఏడు.

డైమనూ ఎరుపే, ఆఠీనూ ఎరుపే.

ఎంత సేపు? రెప్పపాటు అని రాయాలని ఉంది. కాదు. నాకు చాలా తీరిక దొరికింది. శాస్త్రిగారి వీపు కనపడింది. వెనక నిలబడ్డవాళ్లు ఊగి ఒకరినొకరు పట్టుకోవడం కనపడింది. వీరాస్వామి గారికి ముక్కలు తెలియవని గుర్తొచ్చింది. నాంచారయ్య గారు పక్కన తూలిపోతున్న ముసలామెకు చెయ్యి అందిస్తున్నారు. అన్నీ చూసుకున్నాను. ఆఠీను ఏడు నా కట్టలోకి వచ్చింది. డైమను ఏడు ఆరుకూ ఎనిమిదికీ మధ్యకు వెళ్లింది. మిగతా వరసలు ఎలా ఉన్నవి అలా సర్దిపెట్టాను.

"నాంచారయ్య గారూ, ఇది డైమనండీ" అన్నాను.

ఆయన వంగి చూశారు. చూస్తూనే ఉన్నారు.

"ఆఠీను కదయ్యా."

"చూడండి. జోకరు కింద పెట్టారు. రియల్ లేదు."

"చూసుకున్నానే... ఆఠీననే గదా ఎత్తింది."

"తొందరపడ్డారండీ. ఉత్సాహంలో ఎరుపంతా ఒకటేలాగా కనపడుతుంది" అన్నాను. ఎంత మృదువుగా అన్నానో. గురువు శిష్యుణ్ణి ఓదార్చినట్టు.

ఆయన మెడ నరాలు ఉబ్బాయి. నా వైపు చూశారు. ఆ చూపులో ఒక్క క్షణం అనుమానం మెరిసింది, నేను చూశాను. పాత నాంచారయ్య అయితే నా చొక్కా పట్టుకునేవాడు. పెట్టె అదిరిపోయేలా అరిచేవాడు, నీ కట్ట ఇటు పెట్టు అనేవాడు, నా బండారం అక్కడే బయటపడేది. కానీ ఆయన ఒక గుక్క గాలి పీల్చారు. భుజాలు వదులు చేశారు. నేను నేర్పిన ప్రతిదీ వరసగా చేశారు.

"నాదే పొరపాటు" అన్నారు.

వీరాస్వామి గారు లేచి కండువా దులుపుకున్నారు. "తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే అంటారు గాని, నేను పేకాట చూడ్డానికి రాలేదురా నాంచారూ. ముక్క రంగే కనపళ్లేదు నీకు. పాటలో ఇంకేం కనపడతది?" అన్నారు. కోపంగా అనలేదు. జాలిగా అన్నారు. నాంచారయ్య గారు తల ఊపారు. ఒప్పుకున్నారు.

శాస్త్రిగారు గొడుగుతో నా భుజం తట్టి, "మళ్లీ నీదేనయ్యా సీటు" అన్నారు. ప్లాట్‌ఫారం మీద దిగాను. చెబితే నమ్మరు, నాకు గాల్లో తేలుతున్నట్టు ఉంది. గెలిచాను! ఎవరూ కనిపెట్టలేదు! కొట్టు దాకా రిక్షా ఎక్కకుండా నడిచి వెళ్లాను, అంత హుషారు. భయం మధ్యాహ్నం భోజనాల వేళకు గానీ రాలేదు. సిగ్గు ఇంకా ఆలస్యంగా వచ్చింది.

పాటకు వీరాస్వామి గారే వెళ్లారు. నాంచారయ్య గారు లెక్క కట్టిన మొత్తానికి చాలా ముందే భయపడి ఆగిపోయారు. చెరువు వేరే ఊరివాళ్లకు పోయింది. ఆ ఏడంతా వాళ్ల ఇంటి మగవాళ్లు అదే చెరువులో కూలికి వలలు లాగారు. ఇది నాకు నాంచారయ్య గారే చెప్పారు, ఏదో వాన కబురు చెప్పినట్టు.

రైల్లో కలుస్తూనే ఉండేవాళ్లం. ఆయన ముక్క పట్టడం మానేశారు. ఎవరన్నా పిలిస్తే "చూస్తాలే" అని పక్కన కూర్చునేవారు. బెజవాడలో బుట్టలు దించుకునేటప్పుడు ఒకటికి నాలుగుసార్లు లెక్కపెట్టుకునేవారు. పెట్టుకుని, కూలివాణ్ణి పిలిచి "నువ్వొకసారి చూడు" అనేవారు. తన కళ్ల మీద తనకు నమ్మకం పోయింది. ఆ నవ్వు కూడా తగ్గింది.

ఒకరోజు గుడివాడలో నేను ఎక్కగానే అరిటాకులో చుట్టిన కొర్రమీను నా చేతిలో పెట్టారు. ఎందుకండీ అన్నాను.

"ఉంచయ్యా. ఆ రోజు నువ్వు కాబట్టి మొహమాటం లేకుండా చెప్పావు. ఇంకోడైతే బాగుందిలే అని ఊరుకునేవోడు. నేను ఆ బుర్రేసుకుని పాటకి పొయ్యుంటే కొంప మునిగేది. నన్ను కాపాడావు."

అప్పుడు చెప్పవచ్చు కదా? మీరు అడుగుతారు, నేనూ అడుగుతూనే ఉన్నాను. పెట్టెలో శాస్త్రిగారు ఉన్నారు, అందరూ ఉన్నారు. దిగాక చెబుదామనుకున్నాను. దిగాక, సాయంత్రం చెబుదామనుకున్నాను. ఆ కొర్రమీను ఇంటికి తీసుకువెళ్లాను. మా అమ్మ చింతపండు పులుసు పెట్టింది. తిన్నాను. చాలా రుచిగా ఉంది. ఇదీ ఒప్పుకోవాలి.

కిటికీ సీట్లో కూర్చునే తిరిగాను. మరుసటి పెద్దాట రాకముందే బెజవాడకు కాపురం మార్చాను, భవానీపురంలో ఇల్లు అద్దెకు తీసుకుని. జీతం పెరిగిందని అందరికీ చెప్పాను. జీతం కొంచెం పెరిగిన మాటా నిజమే. కానీ ఆ రైలెక్కక్కర్లేదని ఎంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నానో! ఆ తర్వాత నేను పేక ముట్టలేదు. మా ఆవిడ అది కూడా నా మంచితనం కిందే వేసుకుంది.

చాలా ఏళ్లకు శాస్త్రిగారు బజార్లో కనపడి, నాంచారయ్య గారు పోయారని చెప్పారు. జ్వరం వచ్చి పోయారట. చివరి దాకా ఇంట్లో ఏ వ్యవహారం మీదా నోరు విప్పేవారు కాదట, "నన్నడగొద్దు, నా బుర్ర నిలకడైంది కాదు" అనేవారట. ఆ కబురు వినగానే నా లోపల మొదట పుట్టిన మాట ఏమిటో తెలుసా? అమ్మయ్య. ఇంక ఎప్పటికీ తెలియదు. ఆ మాట తర్వాతే ఏడుపు వచ్చింది. ముందు వెనకలు నాకు బాగా గుర్తున్నాయి.

నాకు నేను చెప్పుకోని సాకు లేదు. రైలు కుదిపింది అనుకున్నాను. కుర్రతనం అనుకున్నాను. ఆవేశంలో ఏం చేశానో నాకే తెలియదు అనుకున్నాను. ఈ ఆఖరిదే నన్ను చాలా ఏళ్లు నిద్రపోనిచ్చింది. ఆవేశంలో మనిషి ఏమైనా చేస్తాడు కదా, తర్వాత పశ్చాత్తాపపడతాడు కదా అని. ఎంత బాగుందో చూడండి ఆ మాట. అది కూడా దొంగ ముక్కే.

నేను నా బతుకులో అంత తేటగా ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ క్షణంలో నాకు అన్నీ తెలుసు. చెరువు పాట సంగతి తెలుసు. అన్న ఎందుకు వచ్చాడో తెలుసు. నాంచారయ్య గారు కోపాన్ని అణచుకుని నా మాటే నమ్ముతారని తెలుసు, అలా తయారు చేసింది నేనే. తెలిసే చేశాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు, క్షమించగలిగిన మనిషి లేడు. గుండె మాత్రం కొట్టుకుంటోంది, రైలు అందుకోవడానికి పరుగెత్తినవాడికి కొట్టుకున్నట్టు. నోట్లో నానుతున్న మాట ఇన్నేళ్లకు బయటికి వస్తోంది, రానివ్వండి. నాంచారయ్య గారూ, మీ షో బాగుంది. మీరు ఎత్తింది ఆఠీను ఏడే. మీ కళ్లకూ మీ బుర్రకూ ఏ లోపమూ లేదు.